1957లో ఆ చెరువు గట్టున ఒక ఈతగాడు ఉండి ఉంటే

సంపాదకులు గారికి,

ముసుగు హంతకుడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే స్లాషర్ సినిమాల మీద మన పత్రికల సినిమా పేజీల్లో ఏ చర్చ మొదలైనా తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఎవరైనా కాలంలో వెనక్కి వెళ్లి ఆ ముసుగు మనిషి చిన్నతనాన్ని సరిచేస్తే ఆ హత్యలు జరిగేవా? జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: వాణ్ని ప్రేమగా చూసుకుని ఉంటే అలా తయారయ్యేవాడు కాదు అని. వినడానికి బాగుంటుంది. ఆ సినిమాల్లోని వివరాలు ముందు పెట్టుకుని చూస్తే మాత్రం నిలవదు. గతాన్ని మార్చడం వల్ల హత్యలు ఆగే చోట్లు ఉన్నాయి, కానీ అక్కడ హంతకుడి మనసుతో పనే లేదు. పక్కనున్న ఇంకెవరో చేయకుండా వదిలేసిన చిన్న పని ఒకటి ఉంటుంది, దాన్ని చేయిస్తే చాలు.

ముందు జేసన్ సంగతి. 'ఫ్రైడే ద థర్టీన్త్' మొదటి భాగం 1980 మేలో వచ్చింది. అందులో చంపేది జేసన్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చంపేది వాళ్లమ్మ పమేలా. క్రిస్టల్ లేక్ అనే వేసవి శిబిరంలో ఆవిడ వంటమనిషి. 1957లో కొడుకు అక్కడి నీళ్లలో మునిగిపోయాడు. పిల్లల్ని కనిపెట్టి ఉండాల్సిన కుర్రకారు ఆ సమయంలో తమ సరసాల్లో ఉన్నారన్నది ఆవిడ కోపం. మరుసటేడు అదే శిబిరంలో ఇద్దరు హతమయ్యారు, శిబిరం మూతపడింది. 1962లో మళ్లీ తెరవబోతే నీళ్లు పాడయ్యాయి. చివరికి ఇంకొకరు వచ్చి తెరుస్తున్నారని తెలిసేసరికి ఆవిడ మళ్లీ కత్తి పట్టింది, ఆలిస్ అనే అమ్మాయి చేతిలో తల తెగి పడిపోయింది. చనిపోయాడనుకున్న జేసన్ బతికే ఉండి హంతకుడిగా కనబడేది 1981 నాటి రెండో భాగంలో. అందరికీ గుర్తుండిపోయిన హాకీ ముసుగు వచ్చింది ఇంకో ఏడాదికి, మూడో భాగంలో.

అంటే జేసన్ గతంలో మార్చదగ్గ తేదీలు రెండు. ఒకటి 1957 నాటి చెరువు, రెండోది తల్లి తల తెగిన రాత్రి. రెండోదాన్ని ఎవరూ మార్చలేరు. ప్రాణం దక్కించుకోవడానికి కత్తి ఎత్తిన అమ్మాయిని ఎత్తొద్దనడం ఎలా? మిగిలింది చెరువు.

పిల్లాడికి ఈత సరిగా రాదని తల్లి మాటల్లోనే తెలుస్తుంది. మరి ఈత రాని పిల్లాడు లోతు నీళ్ల దాకా ఎలా వెళ్లాడు? ఆ సినిమా తీసింది న్యూజెర్సీలో నో-బి-బాస్కో అనే నిజమైన స్కౌట్ శిబిరంలో. అమెరికా స్కౌట్లకు ఈత విషయంలో ఎనిమిది అంశాల పద్ధతి ఒకటి ఉంది. అందులో సగం పాటించినా ఈ కథ మొదలయ్యేది కాదు. నీళ్లలోకి దించే ముందే ఒక్కొక్కరికీ పరీక్ష పెట్టి పిల్లల్ని మూడు గుంపులు చేస్తారు: ఈత రానివాళ్లు, నేర్చుకుంటున్నవాళ్లు, వచ్చినవాళ్లు. రానివాళ్ల హద్దు నడుము నుంచి ఛాతీ దాకా వచ్చే లోతు, నేర్చుకుంటున్నవాళ్లకు తల కాస్త మునిగేంత దాకా. ఆ హద్దును నోటితో చెప్పి వదలరు, తాడు కట్టి, దానికి తేలే బుంగలు తగిలిస్తారు. ప్రతి పిల్లాడికీ తన గుంపులోంచే ఒక జత ఉంటుంది. సుమారు పది నిమిషాలకోసారి విజిల్ ఊదగానే జతలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, గట్టున ఉన్నవాళ్లు లెక్కపెట్టాలి. ఆ లెక్క బోర్డు మీద వేలాడదీసిన పేరు బిళ్లలతో సరిపోవాలి. ఒక్క బిళ్ల మిగిలినా అందరూ నీళ్లలోంచి బయటికి రావాల్సిందే. పది మందికి ఒకరు చొప్పున కాపలా, వాళ్లు కాక అంతా కనబడేచోట నిలబడి చూసేవాడు ఇంకొకడు. చూడటం తప్ప అతనికి వేరే పని అప్పజెప్పకూడదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మునిగే మనిషి కేక వేయడు. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా దీన్ని ఫిల్ములు తీసి మరీ చూపించాడు. మునుగుతున్నవాడు నీళ్లలో నిలువుగా ఉంటాడు, నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతుంటుంది, చేతులు పక్కలకు చాచి నీటిని అదుముతుంటాడు. చేయి ఊపలేడు, పిలవలేడు. ఈ పెనుగులాట ఉండేది 20 నుంచి 60 సెకన్లు. పది గజాల దూరంలో ఉన్నవాళ్లకు కూడా పిల్లాడు ఆడుకుంటున్నట్టే కనిపించవచ్చు. "ఏదైనా అయితే అరుస్తాడులే" అనుకుని పక్కకెళ్లినవాడు అందుకే తప్పుతాడు, సరసాలాడుతున్నా, పక్క గదిలో లెక్కలు రాసుకుంటున్నా. పమేలా కోపమంతా సరసం మీద. జరిగిన లోపం మాత్రం గట్టు ఖాళీగా ఉండటం.

పైకి తీశాక చేసేదాంట్లోనూ తప్పులు జరుగుతాయి. మన ఊళ్లలో మునిగినవాణ్ని బోర్లా వేసి కడుపు నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం ఇంకా కనబడుతూనే ఉంది. కడుపులో నీళ్లు కక్కిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, ఈలోగా విలువైన నిమిషాలూ పోతాయి. నీట మునిగినవాడికి ముందు కావాల్సింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి నోటి ద్వారా ఊపిరి ఊదాలి. ఆ తరవాత ఛాతీ మీద 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్లీ 30, సాయం వచ్చేదాకా. మన వార్తల్లో "గజ ఈతగాళ్లను రప్పించారు" అనే వాక్యం ఎప్పుడు వస్తుందో గమనించండి, శవాన్ని వెతికేటప్పుడే. అదే మనిషి ముందురోజు గట్టున కూర్చుని ఉంటే ఆ వార్తే ఉండదు.

ఒక తాడు, ఒక విజిల్, పేరు బిళ్లల బోర్డు. 1957కి ఇవి పంపితే చాలు, పమేలా చంపినవాళ్లంతా బతుకుతారు. ఇందులో ఎవరి స్వభావాన్నీ మార్చలేదు. ఆవిడ కోపం ఆవిడ దగ్గరే ఉంది, అది రగలడానికి కారణం మాత్రం లేకుండా పోయింది.

అంతమాత్రాన ఆ ముసుగుకు తల దొరక్కుండా పోతుందా అంటే, పోదు. 1985లో వచ్చిన ఐదో భాగంలో హాకీ ముసుగు వేసుకుని చంపేది జేసన్ కాదు, రాయ్ అనే అంబులెన్సు ఉద్యోగి. మనసు చెదిరిన కుర్రాళ్లను ఉంచే ఒక ఆశ్రమంలో అతని కొడుకును తోటి కుర్రాడు గొడ్డలితో నరికి చంపాడు. అలాంటి చోట కట్టెలు కొట్టే గొడ్డలి ఎవరి చేతికిచ్చారు, పక్కన ఎవరున్నారు? పనిముట్లు ఉదయం లెక్కపెట్టి ఇచ్చి సాయంత్రం లెక్కపెట్టి తీసుకోవడం, ఇచ్చినంతసేపూ పక్కన మనిషి ఉండటం, ఇలాంటి సంస్థలు ఎక్కడైనా పాటించాల్సిన మొదటి జాగ్రత్త. ఇక్కడా మరమ్మతు చేయాల్సింది రాయ్ బాల్యం కాదు, గొడ్డలి లెక్క.

ఇక ఫ్రెడ్డీ క్రూగర్. 1984 నవంబరులో వచ్చిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'లో అతని వెనక కథ కథానాయిక తల్లి నోట రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఊళ్లో కనీసం ఇరవై మంది పిల్లల్ని చంపినవాడు పట్టుబడ్డాడు, కానీ సోదా వారంటు మీద సంతకం ఉండాల్సిన చోట లేదని విడుదలైపోయాడు. తల్లిదండ్రులు గుమిగూడి వాణ్ని బాయిలర్ గదిలో తగలబెట్టారు. ఆ తరవాత వాడు వాళ్ల పిల్లల కలల్లోకి వచ్చాడు.

మన పాఠకులకు ఇది సినిమా వాళ్ల కట్టుకథలా అనిపిస్తుంది, సంతకం లేదని హంతకుణ్ని వదిలేస్తారా అని. మన దగ్గర వదలరు. సోదాలో లోపం ఉన్నా దొరికిన సాక్ష్యం సంబంధించినదే అయితే దాన్ని తోసిపుచ్చనక్కర్లేదని మన సుప్రీంకోర్టు పూరణ్‌మల్ కేసులో 1970లలోనే చెప్పింది. అమెరికా లెక్క వేరు. 1961లో మ్యాప్ వర్సెస్ ఒహాయో తీర్పు తరవాత అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం రాష్ట్రాల కోర్టుల్లో కూడా చెల్లదు. తరవాతి భాగాల్లో ఫ్రెడ్డీ ఊరు స్ప్రింగ్‌వుడ్‌ను ఒహాయోలోనే పెట్టారు, కావాలని పెట్టారో కాకతాళీయమో గానీ.

చమత్కారం ఏమిటంటే సినిమా విడుదలైన ఏడాదే ఆ తలుపు సగం మూసుకుంది. 1984 జూన్‌లో నిక్స్ వర్సెస్ విలియమ్స్ తీర్పు వచ్చింది. అదీ ఒక చిన్నపిల్ల హత్య కేసే. పోలీసుల తప్పు లేకపోయినా ఆ సాక్ష్యం ఎలాగూ దొరికేదే అయితే దాన్ని వాడుకోవచ్చని అందులో చెప్పారు. జులై 5న ఒకే రోజు రెండు తీర్పులు: లియాన్ కేసు, మసాచుసెట్స్ వర్సెస్ షెపర్డ్ కేసు. రెండోది అచ్చం ఫ్రెడ్డీ కేసే అనిపిస్తుంది. బోస్టన్‌లో హత్య కేసు, ఆదివారం కావడంతో సరైన వారంటు ఫారం దొరక్క డిటెక్టివ్ మత్తుమందుల సోదాకు వాడే ఫారం పట్టుకెళ్లాడు, జడ్జి దాన్ని పూర్తిగా దిద్దకుండానే సంతకం పెట్టాడు. పోలీసులు నిజాయితీగా ఆ వారంటును నమ్మి వెళ్లారు కాబట్టి సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. క్రూగర్ విచారణ ఆ జులై తరవాత జరిగి ఉంటే, ఆ సంతకం తప్పు చూపించి బయటపడటం అంత తేలికయ్యేది కాదు. ఎల్మ్ స్ట్రీట్ కథకు కాలయంత్రం కావాలంటే అది వెళ్లాల్సింది క్రూగర్ ఉయ్యాల దగ్గరికి కాదు, వారంటు మీద సంతకాలు చూసే గుమాస్తా బల్ల దగ్గరికి.

ఒక మెలిక మాత్రం ఉంది. ఆ సంతకం సరిగా పడినా కలల్లో చచ్చిన పిల్లలే బతుకుతారు. విచారణకు ముందే చచ్చిన ఇరవై మందికి అది ఏమీ చేయదు. వాళ్లకోసం ఇంకా వెనక్కి, మొదటి పిల్ల కనబడకుండా పోయిన రోజుకు వెళ్లాలి, ఆ రోజు ఎవరు ఎన్ని గంటల్లో వెతకడం మొదలుపెట్టారో చూడాలి. సినిమా ఆ సంగతి ఎత్తనే ఎత్తదు.

మూడోవాడు మైకేల్ మయర్స్. బాల్యం సరిచేద్దామనేవాళ్ల వాదన పూర్తిగా బోల్తాపడేది ఇతని దగ్గరే. 1978 నాటి 'హాలోవీన్'లో ఆరేళ్ల పిల్లాడు 1963 అక్టోబరు 31 రాత్రి అక్కను పొడిచి చంపుతాడు. కారణం చెప్పరు. కొట్టే తండ్రి లేడు, ఆకలి లేదు, అవమానం లేదు. వాణ్ని ఉంచిన మానసిక ఆస్పత్రిలో డాక్టర్ లూమిస్ ఎనిమిదేళ్లు ఆ పిల్లాడి మనసులోకి దూరాలని ప్రయత్నించి, తరవాతి ఏడేళ్లు వాడు బయటికి రాకుండా చూడటానికే ప్రయత్నించాడు. మార్చడానికి ఇక్కడ పట్టు దొరకదు.

విచిత్రంగా, మైకేల్ గతాన్ని మార్చే ప్రయోగం ఇప్పటికే చాలాసార్లు జరిగింది. చేసింది నిర్మాతలు. 1981లో రెండో భాగం తీస్తూ, తప్పించుకున్న అమ్మాయి లోరీ అతని చెల్లెలే అన్నారు. 1995లో ఆ పిచ్చి వెనక ఒక రహస్య మత బృందం ఉందన్నారు. 2007లో మొదటి కథనే తిరగరాసి తిట్టే మారుతండ్రి, బడిలో వెక్కిరింతలు, పెంపుడు జంతువులను చంపడం అన్నీ చేర్చారు. 2018లో చెల్లెలి సంగతి అబద్ధమని కొట్టిపారేశారు. నాలుగు సార్లు గతం మారింది, కత్తి మాత్రం చేతిలోనే ఉంది. సీక్వెల్‌లో గతం ఎప్పుడూ హత్య తరవాతే పుడుతుంది. ముందు శవాలు, తరవాత వాటికి సరిపడే బాల్యం. అలా అతికించిన బాల్యాన్ని లాగి పారేస్తే శవాలెందుకు లేస్తాయి?

కారణం దొరకని మైకేల్ విషయంలోనూ మరమ్మతుకు ఒక చోటుంది. 1978 అక్టోబరు 30 రాత్రి. వానలో, చీకట్లో, కోర్టుకు తీసుకెళ్లడానికి లూమిస్, ఒక నర్సు కారులో వచ్చారు. ఆస్పత్రి ఆవరణలో రోగులు తెల్లబట్టలతో తిరుగుతుండటం కారులోంచే కనబడింది. అక్కడే ఆగి, వెనక్కి తిప్పి, ఫోను చేయాలి. వాళ్లు గేటు దాకా వెళ్లారు, డాక్టరు దిగిపోయాడు, ఇంజను ఆడుతుండగా నర్సు ఒక్కతే కారులో ఉండిపోయింది. మైకేల్ కారెక్కి వెళ్లిపోయాడు. ప్రమాదకరమైన మనిషిని తరలించేటప్పుడు పగటి వేళ ఎంచుకోవడం, ఎస్కార్టు వెంట ఉండటం, దిగినవాడు తాళం తీసుకుని దిగడం, ఇవి ఎక్కడైనా మామూలు జాగ్రత్తలే. తరవాత జరిగింది ఇంకా ఘోరం. మైకేల్ సొంత ఊరు హాడన్‌ఫీల్డ్ అక్కడికి 150 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 240 కిలోమీటర్లు. పోయింది ప్రభుత్వ ముద్ర ఉన్న కారు. ఆస్పత్రి పెద్ద మాత్రం వాడికి డ్రైవింగే రాదని వాదిస్తూ కూర్చున్నాడు. మర్నాడు లూమిస్ రోడ్డు పక్కన నిలబడి ఉండగానే అదే కారు అతని వెనక నుంచి వెళ్లిపోతుంది. ప్రేక్షకుడు చూస్తాడు, అతను చూడడు.

మన తెలుగు తెర మీద ఈ వాదనకు వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. 'హాలోవీన్' అమెరికాలో విడుదలైన వారంలోనే, 1978 అక్టోబరు చివర్లో, భారతీరాజా తమిళంలో 'సిగప్పు రోజాక్కళ్' విడుదల చేశాడు. మనకు 'ఎర్ర గులాబీలు'గా వచ్చింది. ఒకే వారం పుట్టిన ఇద్దరు హంతకుల్లో అమెరికావాడికి కారణమే లేదు, మనవాడికి కారణం మీద కారణం: చిన్నప్పుడు పడ్డ నింద, ఆ పైన చేరదీసినవాడు నూరిపోసిన ఆడద్వేషం. నాలుగు దశాబ్దాల తరవాత 2019 నాటి 'రాక్షసుడు'లోనూ అదే పద్ధతి: జబ్బుతో ముఖం మారిన పిల్లాడు, బడిలో హేళన, కాదన్న అమ్మాయి. ఫ్లాష్‌బ్యాక్ లేకుండా విలన్‌ను వదలడం మనకు చేతకాదు. దాని ఖర్చు మాత్రం ఎవరో ఒకరు కట్టాల్సి వస్తుంది. నిజంగా ఆ జబ్బున్న పిల్లాడు రేపు బడికి వెళ్లినప్పుడు వెనక బెంచీ వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో ఊహించడం కష్టం కాదు.

నిజ జీవితంలో చిన్ననాటి హింసకూ పెద్దయ్యాక నేరానికీ ఉన్న సంబంధం మీద లెక్కలున్నాయి. అమెరికాలో క్యాథీ స్పాట్జ్ విడమ్ 1989లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అలాంటి రికార్డు లేని 667 మందిని పోల్చి చూశారు. హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో నూటికి 11 మంది, రెండో గుంపులో 8 మంది. తేడా ఉంది, కొట్టిపారేయలేం. కానీ నూటికి 89 మంది అలాంటి నేరంలో అరెస్టు కాలేదు, అలాంటి రికార్డు లేని గుంపు నుంచీ నూటికి ఎనిమిది మంది వచ్చారు. పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌కు ఈ లెక్క పట్టదు.

బాల్యాన్ని నిజంగా మార్చి చూసిన ప్రయత్నం కూడా ఒకటుంది. 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ బృందం 400 మంది గర్భిణులతో మొదలుపెట్టింది. ఒక గుంపు ఇళ్లకు నర్సులు గర్భంలో ఉండగా సగటున 9 సార్లు, పుట్టాక రెండేళ్లు నిండేదాకా 23 సార్లు వెళ్లారు. తిండి, పొగ తాగడం, పిల్లాడు ఏడిస్తే ఏం చేయాలి, తల్లి చదువు, ఉద్యోగం, ఇవే మాటలు. పిల్లలకు పదిహేనేళ్లు వచ్చాక చూస్తే, పేద ఒంటరి తల్లుల పిల్లల్లో అరెస్టులు తగ్గాయి. పందొమ్మిదేళ్లకు చూస్తే ఆ మేలు ప్రధానంగా ఆడపిల్లల్లోనే మిగిలింది, మగపిల్లల్లో దాదాపు కనబడలేదు. ముసుగు వేసుకునేవాళ్లు తెర మీద దాదాపు అందరూ మగవాళ్లేనని గుర్తుంచుకుంటే ఈ ఫలితం మింగుడుపడదు. అయినా ఆ 32 సందర్శనలు దండగ కాదు. తల్లులకూ ఆ పిల్లలకూ అవి వేరే విధాలుగా పనికొచ్చాయి. ఎవడు హంతకుడవుతాడో ముందే ఏరి పట్టుకునే వల మాత్రం అవి కావు. దెబ్బలు తింటున్న పిల్లాడు పక్కింట్లో ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాల్సింది వాడు పెద్దయ్యాక ఎవరినో చంపుతాడని కాదు, ఇవాళ వాడికి నొప్పి పుడుతోందని.

ఇలాంటి కథలు రాసే కుర్రవాళ్లు ఇప్పుడు షార్ట్ ఫిల్ములతో చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లకోసం ఒక పని మాట. మీ కథానాయిక వెనక్కి వెళ్లాలంటే ముందు హత్య నుంచి వెనక్కి ఒక్కో మెట్టూ కాగితం మీద రాయండి. ప్రతి మెట్టు పక్కనా రెండు ప్రశ్నలు వేయండి: ఇది ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషికి ఐదు నిమిషాల్లో చెప్పి ఒప్పించగలమా? ఏ మెట్టు దగ్గర ఆ చేయి హంతకుడిదే అవుతుందో అక్కడ కథ ఇరుక్కుంటుంది, ఎందుకంటే వాణ్ని ఒప్పించడమే మీ సినిమా అయిపోతుంది. ఆ చేయి గట్టున కాపలా ఉండాల్సినవాడిదో, గుమాస్తాదో, నర్సుదో అయితే కదలిక వస్తుంది. చాలా స్క్రిప్టుల్లో కనబడే ఇంకో పొరపాటు, మరీ వెనక్కి వెళ్లడం. ఎంత వెనక్కి వెళ్తే మధ్యలో అన్ని దారులు చీలుతాయి, ఏది ఎటు పోయిందో ప్రేక్షకుడికి చెప్పలేక చివర్లో వాయిస్ ఓవర్ పెట్టాల్సి వస్తుంది. మైకేల్ కథకైతే పదిహేనేళ్లు వెనక్కి పోనక్కర్లేదు, ఒక్క రోజు చాలు. వాన పడుతున్న ఆ గేటు దగ్గర డాక్టరు కారు దిగేటప్పుడు తాళం ఎవరి జేబులో ఉందో దగ్గరగా ఒక షాట్ తీయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ